బొగ్గు పరిశోధనాలయమున లోహరసాయనము

జర్మనీ దేశపు పశ్చిమ భాగమున, రూర్ నది రైను నదిలో కలియుటకు కొంత ఎగువగా, మ్యుల్‌హైమ్ అను పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధము నుండి ఆ నది పేరనే ప్రసిద్ధమైన బొగ్గుగనుల సీమ జర్మను పరిశ్రమలకు ప్రాణాధారమై యుండెను. తమ సంపదకు మూలమైన ఆ నల్లని ఖనిజమును పొయ్యిలో కాల్చుట తప్ప వేరు విధమున వినియోగించు మార్గమేదైన కలదా యని తెలిసికొనగోరి, అచ్చటి పారిశ్రామికులు ధనసాహాయ్యము చేయగా, కైజర్ విల్‌హెల్మ్ సంఘమువారు 1912లో ఆ పట్టణమున బొగ్గు పరిశోధనకై ఒక విద్యాలయమును నెలకొల్పిరి. దాని ప్రథమాధిపతియగు ఫ్రాంజ్ ఫిషర్, తన సహచరుడగు హాన్స్ ట్రోప్ష్‌తో కలసి, బొగ్గునుండి వచ్చు వాయువులను ద్రవేంధనములుగా మార్చు విధానమును 1925 ప్రాంతమున కనిపెట్టి, పోషకుల ఆశను ప్రత్యక్షముగనే నెరవేర్చెను. కాని ఆ విద్యాలయమునకు అంతకంటె విశాలమైన కీర్తిని తెచ్చిన ఆవిష్కారము బొగ్గును గూర్చినది కాదు. కర్బనమునకును లోహమునకును నడుమ నుండు బంధము యొక్క స్వభావమేమి యను ఒకే ప్రశ్నను ముప్పది సంవత్సరములు విడువక పట్టుకొనిన కార్ల్ జీగ్లర్ అను రసాయనవేత్త పరిశోధనలకు అది ఫలము. ఆ ఫలమును యాదృచ్ఛికమని చెప్పుట లోకమున వాడుకయైనది. ఆ మాట ఎంతవరకు నిజమో నిర్ణయింపవలెనన్నచో ఆయన పరిశోధన జీవితమును మొదటినుండి అనుసరింపవలసి యున్నది.

కర్బనము లోహముతో నేరుగా బంధింపబడిన పదార్థములకు కర్బనలోహ సమ్మేళనములని పేరు. వీని చరిత్ర జీగ్లర్ పుట్టుకకు నూరేండ్లకు మించి ముందటిది. 1760లో పారిస్ నగరమున కడే అను ఔషధవేత్త, కోబాల్టు ఖనిజములతో అదృశ్యమగు సిరాలను తయారుచేయ బూని, ఆ ఖనిజములలోని పాషాణమువలన దుర్గంధభూయిష్ఠమై, గాలి సోకినంతనే పొగలు గ్రక్కు ఒక ద్రవమును పొందెను. పాషాణము పూర్ణలోహము కాకున్నను, ఈ కుటుంబమున మొదట కంటబడినది ఆ ద్రవమే. కాసెల్ నగరమున దానినే మరల పరీక్షింపబూనిన రాబర్ట్ బున్సెన్, ఒక విస్ఫోటనమున కుడికంటి చూపును కోల్పోయియు ఆ పని మానలేదు. ఆయన పిమ్మట మార్బుర్గ్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడై వెళ్లగా, అచ్చట 1849లో ఆయన శిష్యుడగు ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్ అను ఆంగ్ల యువకుడు, జింకును ఇథైల్ అయొడైడుతో మూసిన గాజునాళమున వేడిచేసి, జింకు ఇథైలును సంపాదించెను. ఆ నాళమును విప్పి నీటిచుక్కలు వేయగా ఆకుపచ్చని నీలి జ్వాల కొన్ని అడుగుల యెత్తున లేచినదట. పరమాణువులకు నియతమైన సంయోగశక్తి కలదను సిద్ధాంతమునకు బీజము ఫ్రాంక్లండ్ ఈ పదార్థములను పరిశీలించుటలోనే పడినది. 1900లో ఫ్రాన్సు దేశపు విక్టర్ గ్రిన్యార్, ఈథరు సాయమున మెగ్నీషియమును కర్బన సమ్మేళనములతో సులభముగా కలుపు విధానమును ప్రకటించిన పిమ్మట, అంతవరకు కొందరు సాహసికుల సొత్తుగా నుండిన ఈ విద్య ప్రతి ప్రయోగశాలకును నిత్యోపయోగమైనది.

ఈ విద్యకు ప్రత్యేకమైన హస్తకౌశలము కావలెను. ఇందలి పదార్థములలో పెక్కు గాలిలోని ప్రాణవాయువు తగిలిన మండును, నీటితేమ సోకిన విచ్ఛిన్నమగును. కావున నైట్రజనును గాని ఆర్గానును గాని నింపిన గాజుపాత్రలలో, గాలి చొరకుండ, కలుపుట, వడగట్టుట, స్వేదనము చేయుట మొదలగు క్రియలన్నియు నడపవలెను. విల్‌హెల్మ్ శ్లెంక్ అను జర్మను ఆచార్యుడు ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఇందులకై ప్రక్కగొట్టము గల పాత్రలను కల్పించెను. నేటికిని అవి ఆయన పేరుననే చలామణి యగుచున్నవి. ఇట్టి పనిలో గాజునూదు పనివాని నైపుణ్యము ఆచార్యుని పాండిత్యమునకు ఏమాత్రము తీసిపోదు. గురువు చెంత నిలిచి, చేతితో చేసి నేర్చుకొనదగిన ఈ విద్య, పుస్తకములద్వారా కంటె శిష్యపరంపరల ద్వారానే ఎక్కువగా వ్యాపించినది.

కార్ల్ జీగ్లర్ 1898 నవంబరు 26వ తేదీన, బున్సెన్ పనిచేసిన ఆ కాసెల్ నగరమునకు చేరువనున్న హెల్సా గ్రామమున, ఒక ప్రొటెస్టెంటు మతాచార్యుని యింట జన్మించెను. బాల్యమున చేతికి వచ్చిన ఒక భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకము ఆయనకు శాస్త్రాసక్తిని కలిగింపగా, ఇంటియందే ప్రయోగములు చేయనారంభించెను. మార్బుర్గ్ విశ్వవిద్యాలయమున చేరునాటికే ఆయనకు గల జ్ఞానమును గుర్తించి, అధికారులు మొదటి రెండు అర్ధవత్సరముల పాఠములనుండి మినహాయింపు నొసగిరి. ప్రథమ ప్రపంచసంగ్రామమున సైనికుడుగా కొంతకాలము గడపవలసి వచ్చినను, 1920లో, ఇరువదిరెండేండ్లు నిండకమునుపే, కార్ల్ ఫన్ ఔవర్స్ అను ఆచార్యుని పర్యవేక్షణమున డాక్టరు పట్టము పొందెను. ఫ్రాంక్లండ్ నాళము జ్వాలలు గ్రక్కిన ఊరిలోనే ఈయన విద్యాభ్యాసము జరిగినది. ఆ పిమ్మట ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొలది కాలమును, 1926 నుండి పదేండ్లు హైడెల్‌బర్గ్‌లోను అధ్యాపకుడుగా నుండెను.

ఆయన ఆదిని చేపట్టిన ప్రశ్నకు వ్యాపారముతో ఎట్టి సంబంధమును లేదు. కర్బనపరమాణువు సామాన్యముగా నాలుగు బంధములు కలిగి యుండును. మూడే బంధములతో స్వేచ్ఛగా నిలిచియుండు కర్బనములు కొన్ని ఉన్నవని అప్పటికే తెలిసియుండెను. అవి ఎట్లు నిలుచుచున్నవి, వానిని నిలుపు శక్తి యేది యని జీగ్లర్ విచారింపసాగెను. ఆ విచారములో పొటాసియము గల కర్బనలోహ సమ్మేళనములు సాధనములుగా కావలసి వచ్చినవి. 1927లో ఒకనాడు అట్టి సమ్మేళనపు ఎఱ్ఱని ద్రావణములో స్టిల్బీను అను హైడ్రోకార్బనును వేయగా, రంగు హఠాత్తుగా పసుపువర్ణమునకు మారెను. పొటాసియము, దానిని అంటియున్న కర్బనసముదాయము, ఈ రెండును స్టిల్బీను అణువులోని ద్విబంధమునకు ఇరుప్రక్కల చేరినవని ఆయన గ్రహించెను. చేరుటవలన పుట్టిన క్రొత్త పదార్థముగూడ కర్బనలోహ సమ్మేళనమే గనుక, అది మరియొక ద్విబంధమును పట్టుకొనగలదు. పట్టుకొని మరింత పెద్దది కాగలదు. దీర్ఘమైన అణుశృంఖలలను లోహము సాయమున నిర్మింపవచ్చునను భావము ఆ రంగుమార్పుతోనే మొదలైనది. తరువాతి కాలమున ఆయన సాధించిన మహాకార్యమంతయు దీని విస్తరణమే యని చెప్పిన అతిశయోక్తి కాదు.

1930లో ఆయన లిథియము లోహమును నేరుగా కర్బన హాలైడులతో కలిపి కర్బనలిథియము పదార్థములను తయారుచేయు సరళమార్గమును కనిపెట్టెను. అంతకుముందు విషపూరితమగు పాదరస సమ్మేళనముల ద్వారా చుట్టుత్రోవన సంపాదింపవలసియుండిన ఆ పదార్థములు, ఈ మార్గమువలన గ్రిన్యార్ పదార్థములతో సమానముగా ప్రయోగశాలలలో నెలకొన్నవి. ఇంతలోనే మరియొక వైపున, అతి పలుచని ద్రావణములలో అణువు కొనలను ఒకదానితో నొకటి కలిపి పెద్ద పెద్ద వలయములను నిర్మించు ఉపాయమును 1933లో ప్రకటించెను. కస్తూరి పరిమళమునకు కారణమైన మస్కోను, పదునైదు కర్బనముల వలయము గలది. అట్టివానిని తయారుచేయుటకు ఈ ఉపాయము తోడ్పడినది. ఈ పనులవలన ఆయన పేరు దేశమంతట వ్యాపింపగా, 1936లో హాలె విశ్వవిద్యాలయమున రసాయన విభాగమునకు అధిపతిగా నియమితుడయ్యెను.

1943లో ఫ్రాంజ్ ఫిషర్ స్థానమున మ్యుల్‌హైమ్ విద్యాలయమునకు రావలసినదిగా ఆహ్వానము వచ్చినపుడు జీగ్లర్ వెంటనే సమ్మతింపలేదు. బొగ్గు పరిశోధనాలయమున చేరినచో బొగ్గును మాత్రమే పరిశోధింపవలెనేమో యనియు, తాను అంతవరకు నడచిన మార్గము విడువవలసి వచ్చునేమో యనియు ఆయన శంకించెను. అందుచే, ప్రయోజనము కనబడినను కనబడకున్నను, కర్బన సమ్మేళనముల రసాయనమంతట తన యిచ్చవచ్చిన ప్రశ్నను చేపట్టుటకు పూర్ణస్వాతంత్ర్య మొసగవలెనని నియమము పెట్టెను. గనుల యజమానులు దీనికి సమ్మతించిరి. ప్రపంచ రసాయనశాస్త్ర చరిత్రయందు ఇంతటి ఫలము నిచ్చిన ఒడంబడికలు అరుదు. రూర్ సీమయందు కోకు బట్టీలనుండి వెలువడు వాయువులలో ఇథిలీను అను వాయువు గూడ ఉండెను; కావున స్వతంత్రుడైన ఆ శాస్త్రజ్ఞునికి, స్వేచ్ఛ నొసగిన ఆ గనులసీమయే ముడిపదార్థమును గూడ సమకూర్చినట్లయ్యెను.

యుద్ధము ముగిసి, నగరములు శిథిలములై, విద్యాసంస్థలు చెదిరియున్న ఆ దినములలో ఆయన మ్యుల్‌హైమ్‌లో స్థిరపడెను. చెల్లాచెదరైన శాస్త్రజ్ఞులను మరల ఒకచోట చేర్చుటకై ఏర్పడిన జర్మను రసాయనశాస్త్రజ్ఞుల సంఘమునకు ఆయనయే ప్రథమాధ్యక్షుడయ్యెను. 1949 నాటికి విద్యాలయము, కైజర్ విల్‌హెల్మ్ సంఘమునకు వారసమైన మాక్స్ ప్లాంక్ సంఘమున చేరినది.

పూర్వము స్టిల్బీనుతో చూచిన సంయోగమును ఇథిలీనుతో జరిపించి పొడవైన శృంఖలలను పొందవలెనని జీగ్లర్ సంకల్పము. లిథియముతో ఆ పని కొంత దూరమే సాగెను; శృంఖల ముగియగానే లిథియము తన హైడ్రైడుగా మారి, కరగని ముద్దయై అడుగున పడిపోయెడిది. 1947లో అమెరికా శాస్త్రజ్ఞులు లిథియము అల్యూమినియము హైడ్రైడు అను ద్రావణీయ పదార్థమును ప్రకటింపగా, జీగ్లర్ తన సహచరుడగు గెల్లెర్ట్‌తో కలసి దానిని ఇథిలీనుపై ప్రయోగించి చూచెను. ఫలితము బాగుగనే వచ్చినది. కాని అందు పనిచేయుచున్నది లిథియము కాదనియు, దాని ప్రక్కనున్న అల్యూమినియమే యనియు కొలది దినములలో తేలినది. సుమారు నూరు డిగ్రీల వేడిమిలో, వాతావరణమునకు సుమారు నూరురెట్ల పీడనమున, ట్రైఇథైల్ అల్యూమినియముతో ఇథిలీనును కలిపినచో, లోహమునకును కర్బనశృంఖలకును నడుమ ఒక్కొక్క ఇథిలీను అణువు చొచ్చుకొని చేరుచుండును. వెండ్రుక కొనయందు గాక మొదటియందు పెరుగునట్లు, ఈ శృంఖలయు లోహమును అంటియున్న చోటనే పెరుగును. అల్యూమినియమునకు మూడు బంధములు గనుక మూడు శృంఖలలు ఏకకాలమున పెరుగును. ప్రతి మెట్టునను రెండేసి కర్బనములు చేరును. ఇట్లు పెరిగిన శృంఖలలను గాలితో ఆక్సీకరించి నీటితో విడదీసినచో, కొవ్వులనుండి లభించు ఆల్కహాలులతో సమానమైన, శాఖలు లేని దీర్ఘ ఆల్కహాలులు లభించును. నదులలో త్వరగా విచ్ఛిన్నమగు సబ్బుపొడులకు ఇవి మూలద్రవ్యములైనవి. తరువాతి సంచలనము లేకున్నను, ఈ యొక్క ఆవిష్కారమే ఆయన కీర్తికి చాలియుండెడిది.

శృంఖలలు ఎంతవరకు పెరుగునో పరీక్షించుచుండగా విఘాతమొకటి కలిగెను. ఎర్హార్డ్ హోల్ట్‌స్కాంప్ అను పరిశోధక విద్యార్థి చేసిన ప్రయోగమున, పొడవైన శృంఖలలకు మారుగా, నాలుగే కర్బనములు గల బ్యూటీను మాత్రము వచ్చినది. శృంఖల మొదటి మెట్టుననే లోహమునుండి తెగిపోవుచున్నదన్నమాట. అనుకొన్నది రానిచో ప్రయోగము చెడినదని తలచి పాత్రను కడిగి మరల మొదలుపెట్టుట సామాన్యము. మ్యుల్‌హైమ్‌లో అట్లు జరుగలేదు. జీగ్లరును ఆయన శిష్యులును చెడుటకు గల కారణమునే పరిశోధ్య విషయముగా స్వీకరించి, ఒక్కొక్క సందేహమును తీర్చుకొనుచు, తుదకు ఆ ఉక్కుపాత్రలో ఏమూలనో మిగిలియుండిన అత్యల్పమైన నికెలే యీ మార్పునకు మూలమని నిర్ణయించిరి. దీనికి నికెల్ ప్రభావమని పేరు వచ్చినది. అటుపై వేసిన ప్రశ్నయే కీలకమైనది: అత్యల్పమైన ఒక లోహము శృంఖలను త్రుంచగలిగినపుడు, మరియొక లోహము దానిని పెంపగలదేమో? ఉన్న లోహములన్నింటిని వరుసగా పరీక్షించిననే గాని ఉత్తరము తెలియదు.

ఆ బాధ్యతను హైన్జ్ బ్రైల్ అను మరియొక విద్యార్థి వహించెను. లోహలవణముల నొక్కొక్కదానిని అల్యూమినియము సమ్మేళనముతో కలిపి, ఇథిలీనుతో నింపి, ఫలితమును వ్రాసికొనుచు పోయెను. కొన్ని లోహములు నికెలు వలెనే త్రుంచినవి, కొన్ని ఏమియు చేయలేదు. 1953 అక్టోబరులో జిర్కోనియము లవణముతో పరీక్షింపగా, పాత్ర తెఱచినపుడు లోపల అంతయు తెల్లని గట్టిముద్దయై యుండెను. పరీక్షింపగా అది అతి దీర్ఘశృంఖలలు గల పాలిథీన్ అని తెలిసెను. తరువాత హైన్జ్ మార్టిన్ అను సహచరుడు టైటానియము క్లోరైడుతో ప్రయత్నింపగా, క్రియ ఇంకను వేగముగా సాగి, పీడనముతోడి పనియే లేకపోయెను. సామాన్య వాతావరణ పీడనమున, గాజుపాత్రలో, ఇథిలీనును ద్రావణమున వదలినంతనే తెల్లని చూర్ణము ఏర్పడి, గంటలోపల పాత్ర నిండి, కదుపశక్యము కాకుండ గట్టిపడెను. పండ్లను నిలువచేయుటకు జర్మను గృహిణులు వాడు గాజుజాడీలోనే ఈ క్రియను చూపరులకు ప్రదర్శింపగలిగిరి. నవంబరు మాసముననే పేటెంటు దరఖాస్తు దాఖలైనది.

గాజుజాడీలో జరిగినదను మాటకు ఎంత విలువ గలదో తెలియవలెనన్నచో, అంతకుముందటి స్థితిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థయందు గిబ్సన్, ఫాసెట్ అను ఇరువురు, వాతావరణమునకు వేయిరెట్లు మించిన పీడనమున ఇథిలీనును ఉంచగా, మైనము వంటి పదార్థము కొంచెము లభించెను. అదియే మొదటి పాలిథీన్. 1939లో దాని ఉత్పత్తి ప్రారంభమై, యుద్ధకాలమున రాడారు యంత్రముల తీగెలకు విద్యుద్బంధకముగా మిక్కిలి తోడ్పడినది. కాని అంతటి పీడనమును భరించు దళసరి ఉక్కుపాత్రలు, పంపులు, రక్షణగోడలు గొప్ప సంస్థలకే సాధ్యము. అదియుగాక, ఆ తీవ్రపరిస్థితులలో ఏర్పడు అణుశృంఖలలు తిన్నగా నుండక కొమ్మలు వేయుట చేత, ఒకదాని ప్రక్క నొకటి ఒత్తుగా ఒదుగవు. అందుచే ఆ పదార్థము మెత్తనై, మరుగునీటికి తాళజాలదు. జీగ్లర్ విధానమున ఒక్కొక్క అణువు లోహస్థానమున క్రమము తప్పక చేరుటవలన శృంఖలలు తిన్ననివై, స్ఫటికములవలె ఒత్తుగా పేరుకొని, సాంద్రమును దృఢమునైన పదార్థము సిద్ధించినది. ఇది కరుగుటకు సుమారు నూటముప్పది డిగ్రీల వేడిమి కావలెను. బలాత్కారము చేసిన పీడనముకంటె, క్రమము నెరిగిన ఉత్ప్రేరకము శ్రేష్ఠమైన వస్తువును ఇచ్చినదని శాస్త్రలోకము గ్రహించెను.

ఇదే కాలమున ఇటలీ దేశపు మిలాను నగరమున జూలియో నట్టా అను ఆచార్యుడు, స్ఫటికముల నిర్మాణమును ఎక్స్ కిరణములతో నిర్ణయించుటలో నిపుణుడు, ఈ పరిణామములను శ్రద్ధగా గమనించుచుండెను. 1952లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జీగ్లర్ ఉపన్యాసమును వినిన నాటనుండి ఆయనకు ఈ విషయమున ఆసక్తి కలిగెను. ఆయనను పోషించు మోంటెకటీని సంస్థ జీగ్లరుతో ఒడంబడిక చేసికొని, యువ శాస్త్రజ్ఞులను మ్యుల్‌హైమ్‌కు పంపెను. 1954 మార్చి 11వ తేదీన నట్టా బృందము జీగ్లర్ ఉత్ప్రేరకముతో ప్రొపిలీను వాయువును శృంఖలగా మార్చుటలో కృతకృత్యమయ్యెను. ప్రొపిలీను అణువునకు ప్రక్కన ఒక చిన్న శాఖ గలదు. ఆ శాఖలన్నియు శృంఖలకు ఒకే ప్రక్కన క్రమముగా నిలిచిన పదార్థమును నట్టా వేరుచేసి, దాని నిర్మాణమును నిరూపించి, ప్రకృతియందలి జీవకోశములకు మాత్రమే తెలిసిన క్రమనిర్మాణము మానవునికిని సాధ్యమని చూపెను. దీని ఉత్పత్తి 1957లో ఫెర్రారా నగరమున మొదలయ్యెను.

ప్రొపిలీనుతో మ్యుల్‌హైమ్‌లోను ఫలితము లభించినది. కాని నట్టా బృందము తమకు తెలుపకయే ముందుగా పేటెంటు కోరెనని విని జీగ్లర్ మిక్కిలి ఖిన్నుడయ్యెను. ఇరువురి మైత్రియు దీనివలన దెబ్బతిన్నది. ఈ వివాదమున న్యాయము చెప్పుట కష్టమేమియు కాదు: ఉత్ప్రేరకము జీగ్లర్‌ది, అది నిర్మించిన శృంఖలల రహస్యమును చదివి లోకమునకు తెలిపినవాడు నట్టా. స్వీడను దేశపు విద్వత్పరిషత్తు 1963లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమును ఇరువురికి సమముగా పంచి, ఈ తీర్పునే వెలువరించినది. వ్యాపారరంగమున మాత్రము తగవులు దీర్ఘకాలము సాగినవి. అమెరికాలో ఫిలిప్స్ సంస్థ శాస్త్రజ్ఞులు హోగన్, బ్యాంక్స్ అనువారు 1951లోనే క్రోమియము ఉత్ప్రేరకముతో ఇట్టి పదార్థములను పొందియుండిరి. స్ఫటిక పాలిప్రొపిలీనుపై అమెరికా పేటెంటు 1983లో వారికే దక్కినది. ఒకే సత్యమును పలుచోట్ల పలువురు ఏకకాలమున సమీపించుట శాస్త్రచరిత్రలో తరచుగా కనబడునదే.

మ్యుల్‌హైమ్ విద్యాలయమునకు పేటెంటుల ద్వారా అపారమైన ఆదాయము వచ్చినది. అంతవరకు గనుల యజమానుల దాతృత్వముపై ఆధారపడిన సంస్థ, తన సంపాదనతో తాను నిలువగలిగెను. 1968లో తన డెబ్బదవ జన్మదినమున జీగ్లర్ సుమారు నాలుగుకోట్ల మార్కులతో ఒక నిధిని ఏర్పరచి, విద్యాలయ పరిశోధనకు సమర్పించెను. తాను పొందిన స్వేచ్ఛను తన తరువాతివారికిని కల్పింపవలెనను ఆకాంక్ష ఆ నిధియందు స్పష్టముగా గోచరించును. 1969లో ఆయన విరమింపగా అధిపతియైన గుంతర్ విల్కె, ఒకప్పుడు శృంఖలను త్రుంచి అందరిని కలవరపెట్టిన ఆ నికెలునే చేపట్టి, బ్యూటాడయీనును వలయములుగా మలచు ఉత్ప్రేరకములను నిర్మించి, నికెలు రసాయనమున ఒక సంప్రదాయమునే స్థాపించెను. కుర్ట్ ట్సోజెల్ అను మరియొక సహచరుడు, అల్యూమినియము ప్రయోగములలోని మిశ్రమములను అధికపీడనమునందలి వాయువులతో వేరుచేయవచ్చునని గమనించి, ఆ మార్గముననే పోయి, కార్బన్ డయాక్సైడుతో కాఫీగింజలనుండి కెఫీనును తొలగించు విధానమును కనిపెట్టెను. కెఫీను లేని కాఫీ నేడు పెక్కుచోట్ల ఈ విధానముననే తయారగుచున్నది. జీగ్లర్ 1973లో మ్యుల్‌హైమ్‌లోనే మరణించెను.

తెలుగుదేశమున ఈ ఆవిష్కారపు ఫలము చేరని యిల్లు లేదు. ఇత్తడి బిందెల స్థానమున మంచినీటి కుళాయిల ముందు వరుసగా నిలిచిన ప్లాస్టికు బిందెలు, పొలములకు నీరు తెచ్చు నల్లని గొట్టములు, ఎరువులను ధాన్యమును నింపు నేతసంచులు, వీనిలో అధికభాగము సాంద్ర పాలిథీన్‌తోనో, పాలిప్రొపిలీనుతోనో చేసినవి. బరువైన లోహపు బిందెను చంకనెత్తుకొని దూరమునుండి నీరు మోసిన స్త్రీలకు ఈ తేలిక పాత్ర కలిగించిన ఉపశమనమును తక్కువచేసి చెప్పరాదు. మరియు హైదరాబాదు పరిసరములలో వెలసిన ఔషధ కర్మాగారములలో, పల్లాడియము వంటి లోహములు మధ్యవర్తులై కర్బనమును కర్బనముతో కలుపు క్రియలు నిత్యకృత్యములు. అచ్చట పనిచేయు మన యువ రసాయనవేత్తలు గాలి చొరని గాజుపాత్రలను పట్టుకొనునపుడు, ఫ్రాంక్లండ్, శ్లెంక్, జీగ్లరుల శిష్యపరంపరయందే నిలిచియున్నారు.

ఇంతటి మేలుతోపాటు కీడును చెప్పకున్న చరిత్ర పూర్ణము కాదు. నీటికి కరగక, తుప్పుపట్టక, కుళ్లక నిలుచుటయే ఈ పదార్థముయొక్క గుణము. ఆ గుణమే, వాడిపారవేసిన పిమ్మట, చెఱువులకు కాలువలకు పశువులకు పీడయైనది. శృంఖలను కట్టు ఉత్ప్రేరకమును కనిపెట్టినట్లే, దానిని మరల విప్పి ముడిపదార్థముగా మార్చు ఉత్ప్రేరకమును కనిపెట్టుట నేటి రసాయనవేత్తలకు మిగిలిన ఋణము. ఆ ప్రయత్నములు అనేక దేశములలో సాగుచున్నవి. తొలి శృంఖల వలెనే, అదియు లోహమునకును కర్బనమునకును గల బంధమును చక్కగా ఎరిగిన వారివలననే సాధ్యము కాగలదు.

కావున యాదృచ్ఛికమను మాటకు ఇచ్చట ఎంత చోటు గలదో పాఠకులే నిర్ణయింపవచ్చును. పాత్రలో నికెలు మిగులుట యాదృచ్ఛికమే. కాని బ్యూటీను వచ్చినపుడు అది వింతయని గుర్తించుటకు 1927 నాటి ఎఱ్ఱని ద్రావణము నుండి సాగివచ్చిన జ్ఞానము కావలసెను. కారణము దొరకువరకు వెదకుటకు కాలము కావలసెను. ఆ కాలమును ఇచ్చుటకు, బొగ్గుకు సంబంధములేని పనియని ఆక్షేపింపని పోషకులు కావలసిరి. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను ఆ గాజుజాడీ నిండియుండెడిది కాదు. మన విశ్వవిద్యాలయములకును పరిశోధనాలయములకును ధనమిచ్చు ప్రభుత్వములు, పారిశ్రామికులు ఏటేట ప్రయోజనముల పట్టికను కోరుటకు ముందు, 1943 నాటి ఆ యొడంబడికను ఒకసారి స్మరింపవలెను. సమర్థుడైన వ్యక్తిని ఎన్నుకొని, ఆతనికి స్వేచ్ఛ నొసగి, ఓపికతో వేచియుండుట నష్టదాయకమైన వ్యయము కాదని మ్యుల్‌హైమ్ చరిత్ర నిరూపించుచున్నది. రూర్ సీమయందలి చివరి బొగ్గుగని 2018లో మూతపడినది. బొగ్గు పరిశోధనాలయమను పాతపేరుతోనే నిలిచియున్న ఆ విద్యాలయమున పనిచేయు బెంజమిన్ లిస్ట్ 2021లో, లోహముతో పనిలేని క్రొత్త ఉత్ప్రేరకములకై, రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమును పంచుకొనెను.